అరువు గున్నమ్మ

ముందే ఒప్పేసుకుంటున్నాను. మా అత్తవారి వంశంలోకి ఒక మనిషిని నేను దొంగదారిలో చేర్చాను. పిల్లనో పిల్లాడినో కని చేర్చి ఉంటే అందరూ సంతోషించేవారు. నేను చేర్చింది ఎప్పుడో చచ్చిపోయిన ముసలమ్మని. ఇంట్లో ఉన్న అత్తా, ఆ అత్తకి అత్తా చాలరన్నట్టు, ఆపైన ఇంకో అత్తని పాతసామాన్ల కొట్లోంచి తెచ్చుకున్న కోడలు మా విజయనగరం మొత్తానికి నేనొక్కదాన్నే.

అంతా ఉద్యోగం కోసం.

నేను చదివింది పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు. క్లాసులో ముప్పై మంది అబ్బాయిలు, ఒక బల్ల ఎడంగా నేను. పోయినేడాది, అంటే అరవై ఎనిమిది మే నెలలో, మా ఊళ్లోనే ఒక డ్రాయింగు ఆఫీసులో ట్రేసరుగా చేరమని ఆర్డరు వచ్చింది. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన వంతెనల మీద పల్చటి గుడ్డ పరిచి, నల్లసిరాతో మళ్లీ గీయడం నా పని. జూన్ పదో తారీఖు సోమవారం నాటికి చేరకపోతే ఆ కుర్చీ జాబితాలో నా తర్వాతివాడికి పోతుంది.

ఆర్డరు తెచ్చి మా అత్త అసిరమ్మ ముందు పెట్టాను. ఆవిడకి చదువు రాదు. కాయితం మందాన్ని బట్టి విలువ కడుతుంది.

"ఏటే ఇది?"

"ఉజ్జోగం కాయితం అత్తా."

"ఎవలికి? సూరిగాడికా?"

"నాకు."

అత్త కాయితాన్ని కింద పెట్టేసింది. తేలుని పెట్టినట్టు.

"ఒలే, మనింటి ఆడోళ్లు సొంత సేలో నడుం ఇరిగీదాకా ఒంగుతారు. అంతేగానీ నలుగుర్లో కూకుని పరాయోడి సేతి డబ్బు పుచ్చుకున్న రకం కాదు. నాను సేసినానా? మా అత్త సేసినాదా? మా అత్తకి అత్త గున్నమ్మ సేసినాదా? నువ్వొచ్చినావు, గీతలు గీస్తానని!"

రెండో అత్త, అంటే మా ఆయనకి మామ్మ దేముడమ్మ, పక్కనే మంచం మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఔననలేదు, కాదనలేదు. ఆవిడ నోరు తెరిచేది అన్నానికీ, ఆవలింతకీ మాత్రమే.

మా ఆయన అప్పలసూరి నాకు వరసకి బావ. జనపనార మిల్లులో గుమాస్తా. నిలబడితే ఆరడుగులు. వాళ్లమ్మ ముందు మాత్రం ఒకటికి పన్నెండు స్కేల్లో, అంటే అరడుగే కనిపిస్తాడు.

"బావా, నువ్వొక మాట సెప్పు," అన్నాను.

బావ నా సర్టిఫికెట్టు తీసి తిప్పి తిప్పి చూశాడు. "ఇందులో డ్రాఫ్ట్స్‌మేన్ అని ఉన్నాది గదే. మేన్ అంటే మగాడు. రూలు ప్రకారం నానెల్లాలేమో."

"ఎల్లు. గీత గీయడం వచ్చా?"

"రాదు."

"మరి గీత దాటడమన్నా వచ్చా? మీయమ్మ గీసింది?"

బావ చొక్కా తొడుక్కుని మిల్లుకి వెళ్లిపోయాడు. ఆ రోజు ఆదివారం.

అక్కడితో నేను ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ ఉద్యోగం వస్తుందో రాదో తేలకుండానే నేను పనిముట్లు కొనడం మొదలుపెట్టాను. గంటస్తంభం దగ్గర పాతసామాన్లు అమ్మే దాలయ్య కొట్లో ఒక డ్రాయింగు పెట్టె దొరికింది. ఇత్తడి కంపాసులు, దంతపు స్కేలు. ఏ దొర వాడి పడేశాడో. ఇంటికి తెచ్చి తుడుస్తుంటే లోపలి మఖమల్ గుడ్డ లేచిపోయి, దాని అడుగున ఒక బొమ్మ కార్డు బయటపడింది.

కాఫీ రంగు ఫోటో, దానిమీద ఎవరో రంగులద్దారు. ఒక వీధి. పెంకుటిళ్లు, ఒక జట్కా, తలపాగాతో ఒక బంట్రోతు. మధ్యలో ఒకావిడ. ముందర పెద్ద కుండ, చేతిలో ఆకు దొన్నె, ఎదురుగా గొంతుక్కూర్చున్న ఇద్దరు మగాళ్లు. ఆవిడ కెమెరా వంక చూస్తున్న చూపు "తాగితే తాగు, లేపోతే తప్పుకో" అన్నట్టుంది. కింద చిన్న అచ్చక్షరాల్లో ఇంగ్లీషులో రాసుంది: టాడీ సెల్లర్, నేటివ్ క్వార్టర్, విజయనగ్రం.

టాడీ అంటే కల్లు. సెల్లర్ అంటే అమ్మే మనిషి. కార్డు వేసిన దొరకి ఆవిడ పేరు అక్కర్లేకపోయింది. నాకు మాత్రం ఆవిడకి పేరు పెట్టాలనిపించింది. నలుగుర్లో కూర్చుని డబ్బు పుచ్చుకుంటున్న ఆడమనిషి! నా ప్రాణానికి కావలసింది సరిగ్గా ఆవిడే.

మర్నాడు పొద్దున్న పొయ్యి దగ్గర బావని పట్టుకున్నాను.

"బావా, మీ తాతమ్మ గున్నమ్మ పొటో ఉన్నాదా?"

"ఎక్కడిదే? ఆవిడ పోయినప్పటికి మాయమ్మ ఈ ఇంటికి రానేనేదు."

"ఇదిగో."

బావ కార్డుని వెలుతురుకి పెట్టి చూశాడు. "ఈవిడ మా తాతమ్మా? ఎవలు సెప్పినారు?"

"నువ్వు."

"నానెప్పుడు సెప్పినాను?"

"రేపు సెప్తావు. మీయమ్మకి."

"ఓలమ్మో! అబద్ధం మాయమ్మకా? నా మొకం సూస్తే తెలిసిపోతాదే!"

"మొకం కిందకి దించుకుని సెప్పు. ఎప్పుడూ అలాగే గదా మాటాడతావు."

"మరి మామ్మ? ఆవిడకి సొంత అత్త గదా, పట్టీసుకోదేటి?"

"మామ్మ ఏ విషయంలో మాటాడింది గనక ఇందులో మాటాడ్డానికి?"

బూడిదరంగు అట్ట ఒకటి తీసుకుని, మధ్యలో కిటికీలా కోసి, కార్డు మీద అతికించాను. ఇంగ్లీషు అక్షరాలు అట్ట కిందకి వెళ్లిపోయాయి. వాటికి బదులు అట్ట మీద నల్లసిరాతో ముత్యాల్లా రాశాను: శ్రీమతి గున్నమ్మ గారు. రెండేళ్లు నేర్చుకున్న విద్య మొట్టమొదట ఫోర్జరీకి పనికొచ్చింది.

బావ అబద్ధం బాగానే చెప్పాడు. మిల్లులో ఒక ముసలి చుట్టం ఇచ్చాడన్నాడు. కాకపోతే కంగారులో "మా తాతమ్మేనమ్మా" అనబోయి "మా అమ్మ తాతమ్మా" అని, మళ్లీ దిద్దబోయి "తాత అమ్మ" అని వంశాన్నంతా కలిపి చిలికేశాడు. అత్తకి ఆ గొడవే పట్టలేదు. బొమ్మని రెండు చేతుల్తో పట్టుకుని కళ్లకద్దుకుంది.

"సూడు, ఆ కూకోడం సూడు. రాణీనాగ కూకున్నాది. ఆ కుండలోదేటే?"

ఇదే అదను. "మజ్జిగ అత్తా. వీధిలో కూకుని అమ్మీదట. సొంత కష్టం. నలుగుర్లో. నలుగుర్లో అత్తా!"

"అమ్మీదేటే, నీ మొకం! మనకి ఆరోజుల్లో ఎన్ని గేదెలో తెలుసా? ఎండన పడి వచ్చినోల్లకి ఊరికినే పోసీది. దరమం! మొకం సూస్తే తెలవడం నేదేటి?"

నేను నోరు తెరిచేలోగా అత్త బొమ్మని నా వైపు తిప్పింది.

"సూసినావా? మనింటి ఆడోళ్లు నలుగురికీ పోసినారు గానీ, ఒకలి దగ్గిర పుచ్చుకోనేదు. నువ్వూ ఆ ఆఫీసులో జీతం నేకుండా సేస్తానంటే సెప్పు, ఆలోసిస్తాను."

ఇక చూడండి, గున్నమ్మ నా చెయ్యి దాటిపోయింది. మొదటి వారం ఆవిడ వీధిలో జనానికి మజ్జిగ పోసింది. రెండో వారానికి ఊరందర్నీ వడదెబ్బ నుంచి కాపాడింది. మూడో వారానికి సాక్షాత్తూ కలెక్టరు దొర గుర్రం దిగి, టోపీ తీసి, "అమ్మా గున్నమ్మా, దాహం" అని దొన్నె పట్టాడు. అత్త కథ చెప్పినప్పుడల్లా దొర ఒక మెట్టు కిందకి దిగుతున్నాడు. ఇంకో వారం గడిస్తే కాళ్లు మొక్కేవాడే.

"ఏటే పద్మా, నీ ప్లాను?" అని బావ ఆరా తీశాడు.

"పునాది గట్టిదే బావా. పైకి ఇంకెవరో కట్టేస్తన్నారు."

జూన్ తొమ్మిది, ఆదివారం. చేరడానికి ఆఖరి రోజుకి ముందురోజు. ఆ రోజు అత్త వీధివాళ్లని పిలిచింది. గున్నమ్మ పేరున మజ్జిగ పంపకం, పులిహోర, పటానికి పూజ. యాభై మంది వచ్చారు. నేను మజ్జిగలో అల్లం దంచి వేస్తూ, నా కుర్చీలో రేపు ఎవడు కూర్చుంటాడో ఊహించుకుంటున్నాను.

అప్పుడు ఫోటో స్టూడియో గంగులు రిక్షాలో దిగాడు. చేతిలో, గుడ్డ కప్పిన, తలుపంత పటం.

"అదేటత్తా?" అన్నాను.

"నీకు సెప్పనేదు గదూ? ఆ సిన్న బొమ్మ ఎవలికి అవుపిస్తాది? పెద్దది సేయించినాను."

నా చేతిలో రోకలి ఆగిపోయింది. గంగులు నా దగ్గరికొచ్చి, పని తెలిసిన మనిషి పని తెలిసిన మనిషితో మాట్లాడినట్టు చిన్నగా అన్నాడు: "ఆ అట్ట కింద అచ్చరాలు దాగుండిపోనాయమ్మా. ఎవలో తెలీక అతికించీసినారు. నాను అట్ట పీకీసి తీసినాను. కొంచెం మాసినట్టుంటే బ్రెష్షుతో దిద్దినాను కూడాను. ఇప్పుడు వీధి సివర్నించి సదవొచ్చు."

బావ వంక చూశాను. బావ పారిపోవడానికి తోవ వెతుక్కుంటున్నాడు. తోవ నిండా జనం.

అత్త గుడ్డ లాగింది. "అబ్బో" అన్నారు అందరూ. గున్నమ్మ గారు నిలువెత్తున కూర్చునున్నారు. కాళ్ల దగ్గర బెత్తెడెత్తు అక్షరాలు.

ఎదురింటి నారాయణమూర్తి మాస్టారు ఇంగ్లీషు కనిపిస్తే ఊరుకోలేరు. మందుసీసా మీదున్నా గట్టిగా చదువుతారు. కళ్లజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, పిల్లలకి డిక్టేషన్ చెప్పినట్టు చదివారు: "టాడీ... సెల్లర్!"

"అంటే ఏటి మాస్టారూ?" అత్త మొహం వెలిగిపోతోంది. ధర్మదాత అనో, అన్నపూర్ణ అనో వస్తుందని ఎదురుచూస్తోంది.

మాస్టారు నోరు తెరిచేలోగా మా బావ దూకాడు. ఆరడుగుల మనిషి మొదటిసారి ఆరడుగులుగా కనిపించాడు.

"నాను సెప్తానమ్మా! డాడీ అంటే ఏటి? తండ్రి. మరి టాడీ అంటే? తల్లి! డాడీకి ఆడది టాడీ."

"మరి సెల్లరు?"

"సెల్లరంటే సెల్లి! తల్లి సెల్లి! మా తల్లి, మా సెల్లి అని దొర గౌరవంగా రాసినాడు!"

యాభై మంది ఒక్క క్షణం నమ్మారు. నేను కూడా నమ్మాను. కానీ మా అత్త వరసల దగ్గర పొరపాటు పడే మనిషి కాదు.

"తల్లి సెల్లి అంటే పిన్ని గదరా! గున్నమ్మ నీకు తాతమ్మ. పిన్నెలగవుతాది?"

"దొరకి పిన్నేమో అమ్మా," అన్నాడు బావ.

మాస్టారికి ఇక మనసాగలేదు. భాషాద్రోహం చూస్తూ ఊరుకోలేకపోయారు. "అసిరమ్మా, మీవాడు పరీక్ష ఎలా పాసయ్యాడో నాకిప్పటికీ అర్థం కాదు. టాడీ అంటే కల్లు. సెల్లర్ అంటే అమ్మేది. ఈవిడ కల్లమ్ముకునే ఆవిడ."

పులిహోర నముల్తున్న నోళ్లన్నీ ఆగాయి. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో "దొర గుర్రం దిగింది అందుకా!" అన్నారు. చేతిలో మజ్జిగ గ్లాసుని ఒకాయన అనుమానంగా వాసన చూశాడు.

అత్త మొహం చూడలేకపోయాను. ఈ మూడు వారాలూ ఉన్నంత సంతోషంగా ఆవిడని నేనెప్పుడూ చూడలేదు. ఇంట్లో అందరికీ వండిపెట్టి, చేలో వంగి, ఎవరిచేతా మెప్పు పొందని మనిషికి, చెప్పుకోడానికి ఒక గొప్ప దొరికింది. అది నేనిచ్చిన నకిలీ. నలుగుర్లో అది నేనే పగలగొట్టాను. ఉద్యోగం సంగతి ఆ నిమిషంలో నాకు గుర్తు కూడా రాలేదు. ఒప్పేసుకుందామని రోకలి కింద పెట్టాను.

"అత్తా, తప్పు నాది..."

"ఆగే గుంటా," అన్నారెవరో.

ఎవరా అని అందరం చూశాం. దేముడమ్మ మామ్మ! మంచం దిగి, గోడ పట్టుకుని నడిచొస్తోంది. జనం తప్పుకున్నారు. మామ్మ పటం దాకా వచ్చి, ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి, అద్దం మీద అరచేత్తో పైనించి కిందదాకా రాసింది.

"ఇది మా అత్త గున్నమ్మ కాదు."

బావ కళ్లు మూసుకున్నాడు.

"ఇది నాను."

ఈసారి కళ్లు తెరిచి నోరు కూడా తెరిచాడు.

"అత్తా!" అంది అసిరమ్మత్త. "నువ్వా? నువ్వు కల్లు..."

"కల్లేటే? సోడి అంబలి! రెండ్రోజులు పులిస్తే వాసనొస్తాది గదా. దొరకేటి తెలుసు? తాగినాడు, ఎండకి తూలినాడు, కల్లని రాసీసుకున్నాడు." మామ్మ జనం వైపు తిరిగింది. "అయినా కల్లే అనుకో. అమ్ముకున్నోల్లు కష్టపడి బతికినోల్లే గదా. ఇందాక నవ్వినోడెవడు? ఇలా రా."

ఎవరూ రాలేదు.

"మీ మావ కాలిరిగి మంచం మీదున్నాడే అసిరీ. వానల్నేవు. సేలో గింజ నేదు. రెండెండాకాలాలు కోట ముందర కూకుని అంబలమ్మినాను. నలుగుర్లో. డబ్బు పుచ్చుకున్నాను. ఆ డబ్బుతోనే మీ మావ లేచినాడు, మీ ఆయన పుట్టినాడు."

"మరి ఇన్నేళ్లూ సెప్పనేదేటత్తా?"

"నువ్వడిగినావేటి? 'మా అత్త సేసినాదా' అని నీ కోడల్ని అడిగినావు. నన్నడగనేదు."

మామ్మ చెయ్యి చాచి, తడుముకుని, అత్త భుజం పట్టుకుంది. గొంతు తగ్గించింది.

"నిండుకుండ ఒక్కర్తీ ఎత్తుకోలేదే. రోజూ పొద్దున్నే గున్నమ్మే నా నెత్తికెత్తీది. ఎత్తి, 'ఎల్లిరా' అనీది. అత్త ఎత్తకపోతే కోడలికి కుండ లేవదు."

అత్త కొంగుతో మొహం తుడుచుకుని, పటం ముందున్న హారతి పళ్లెం తీసి మామ్మ ముందుకి తెచ్చింది. మామ్మకే హారతిచ్చింది. బతికున్న మనిషికి ఇదేటే అని మామ్మ గొణిగింది గానీ కదల్లేదు.

నారాయణమూర్తి మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటూ, "ఆ ఇంగ్లీషువాళ్లకి అనువాదం చాతకాదు," అన్నారు.

సాయంత్రం జనం వెళ్లాక గిన్నెలు తోముతున్నాను. మామ్మ పక్కన పీట మీద కూర్చుంది.

"మామ్మా, నిజంగా ఆ బొమ్మలో నువ్వేనా?"

"బొమ్మలో ఎవలున్నారో నాకేటి తెలుసే? నాకు కళ్లు అవుపించి రెండేళ్లయిపోనాది. పొరలు కమ్మీసినాయి. అసిరికి సెప్పకు, కత్తెట్టి కోయించీస్తాది."

తోముతున్న గిన్నె పక్కన పెట్టేశాను.

"అయితే అంబలి సంగతి?"

"అది నిజమేనే. రెండెండాకాలాలూ నిజమే. గున్నమ్మ కుండెత్తడమూ నిజమే. ఆ బొమ్మే అబద్ధం." మామ్మ నవ్వింది. పళ్లు లేని నవ్వు. "పొయ్యి దగ్గిర నువ్వూ సూరిగాడూ గుసగుసలాడుకున్నారు గదా. కళ్లు పోతే సెవులు పెరుగుతాయే గుంటా. ఏటి సేస్తార్రా ఇద్దరూ అని మూడు వారాలు సూసినాను. ఇంత కష్టం పడి పైనించి ఒక ముసల్దాన్ని తెచ్చినావు. కిందున్న ముసల్దాన్ని ఒక్క మాట అడిగితే పోయీదిగదే!"

అట్టలు కోసి, అక్షరాలు రాసి, బావ చేత అబద్ధాలాడించి, వీధి మొత్తాన్ని పిలిపించిన నాకు, నిజం చింతపండు గింజలు తీస్తూ మా వసారాలోనే కూర్చునుందని తట్టనేలేదు. పాలిటెక్నిక్‌లో కొలతలు నేర్పారు గానీ అడగడం నేర్పలేదు.

మర్నాడు సోమవారం. తెల్లారకుండానే అత్త లేచి వండేసింది. గుమ్మం దగ్గర నా చేతికి క్యారేజీ ఇచ్చి, గొడుగు ఇచ్చి, ఏదో అనాలని తెగ ఆలోచించి, చివరికి అంది: "ఎల్లిరా."

నేను వీధి మలుపు తిరిగేదాకా ఏడవలేదు. క్యారేజీలో అడుగు గిన్నెలో చోడి అంబలి, అంటే రాగులది, పోసింది. ఆ వారం ఆఫీసులో అందరూ రుచి చూశారు. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ ఒక్కడే వాసన చూసి, "అమ్మా, ఆఫీసులో ఇది తాగొచ్చా?" అని అడిగాడు. దొరల వారసులు ఇంకా ఉన్నారన్నమాట.

మామ్మ కళ్ల సంగతి నేను చెప్పనని ఒట్టేశాను. అందుకని బావ చేత చెప్పించాను. కత్తెట్టి కోశారు, పొరలు తీశారు, సీసా అడుగంత మందం కళ్లజోడు ఇచ్చారు. ఇంటికి రాగానే మామ్మ తిన్నగా పటం దగ్గరికెళ్లింది. చాలాసేపు చూసింది.

"ఓలమ్మ! ఎవర్తే ఈ అందగత్తె? దీన్నేనా నానని సెప్పినాను?"

"అవును మామ్మా."

"మంచిపనే సేసినాను," అని వెళ్లి మంచం మీద కూర్చుంది.

ఆ అందగత్తె ఎవరో మాకు ఈనాటికీ తెలీదు. ఏ ఇంటి కోడలో, ఎవరు ఆవిడ కుండ ఎత్తారో. ఆవిడకీ, మామ్మకీ, ఎప్పుడూ చూడని గున్నమ్మకీ, "ఎల్లిరా" అన్న అసిరమ్మత్తకీ, నేను ఆఫీసులో కూర్చున్న ప్రతి పూటా మనసులో దణ్ణం పెట్టుకుంటాను. బావకి కూడా. టాడీ అంటే తల్లి అని యాభై మంది ముందు చెప్పగల మొగుడు అందరికీ దొరకడు.

మీ ఇంట్లోనూ ఎవరూ ఏమీ అడగని పెద్దావిడ ఒకరు ఉండే ఉంటారు. ఈ పూట పక్కన కూర్చుని, "వయసులో ఏం చేశావు?" అని అడగండి. ఆవిడ ఏం చెప్పిందో నాకూ రాసి పంపండి. ఆవిడ మాటల్లోనే, మీరేమీ దిద్దకుండా.